వార్షిక నివేదిక: వాటిల్ చెట్ల మీది పిల్లపురుగుల గుర్తింపు

గౌరవ సభ్యులకు నమస్కారం.

మెల్‌బోర్న్‌లోని మన సభ్యుల పెరళ్లలో పెరుగుతున్న వాటిల్ చెట్లను, అంటే మన తుమ్మకు దగ్గరి చుట్టాలైన అకేసియాలను, ఆశించే పురుగులను గుర్తించే పని ఈ ఏడాది మన సంఘం కార్యక్రమాల్లో ప్రధానమైనది. ఆకులు చిల్లులు పడగానే మందు కొట్టాలన్న తొందర మనలో చాలామందికి ఉన్నందున, ముందుగా ఆ పురుగేమిటో తేల్చుకోవాలని కార్యవర్గం నిర్ణయించింది.

సభ్యులు తెచ్చిన కొమ్మలను భూతద్దం కింద పరిశీలించేటప్పుడు మొదట కాళ్లనే చూశాము. సీతాకోకచిలుక, చిమ్మట జాతుల గొంగళి పురుగులకు రొమ్ము దగ్గరి మూడు జతల కాళ్లతో పాటు పొట్ట కింద కండ కాళ్లు కూడా ఉంటాయి. ఆకు తినే పెంకు పురుగు పిల్లకు ఆ మూడు జతలే ఉంటాయి, వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది. అక్షింతల పురుగు పిల్లకూ మూడు జతలే అయినా, దాని కాళ్లు పొడవు, ఒళ్లు తోకవైపు సన్నం, తిండి ఎక్కువగా పేనుబంక వంటి పురుగులు. మందు కొడితే ముందు చచ్చేది మనకు మేలు చేసే ఇదే కావచ్చు.

పెంకు పురుగు పిల్ల అని తేలినంత మాత్రాన జాతి తేలదు. వాటిల్ మీద డైక్రానోస్టెర్నా, కలోమెలా ప్రజాతుల పురుగులు సాధారణమే గాని, ఫొటో చూసి పిల్లదశలో జాతి పేరు చెప్పడం సాహసమే. ఈకల్లాంటి ఆకులున్న సిల్వర్ వాటిల్, బ్లాక్ వాటిల్ చెట్లను ఆశించే ‘ఫైర్‌బ్లైట్’ పురుగుకు, అది తిన్న చెట్టు మంటకు మాడినట్టు కనబడటం వల్ల ఆ పేరు వచ్చింది. అయినా మాడిన చెట్టును బట్టి పురుగును నిర్ధారించలేము. అందుచేత కొన్ని పిల్లలను గాలి ఆడే డబ్బాల్లో, అడుగున తడిమట్టి పరచి, దొరికిన చెట్టు ఆకులనే రోజూ మారుస్తూ పెంచాము. ఎదిగిన పిల్ల మట్టిలోకి దిగి ప్యూపాగా మారుతుంది. పెద్ద పురుగు బయటికి వచ్చాకే పోలిక చూడటం సాధ్యం.

ఖర్చు భూతద్దాలకూ డబ్బాలకూ పరిమితమైంది. వచ్చే వసంతంలో కొమ్మ తెచ్చే సభ్యులు చెట్టు పేరు, తేదీ, పురుగు వీపు, పక్క ఫొటోలు జతచేయవలసిందిగా కార్యవర్గం కోరుతున్నది.