అమ్మమ్మ ఇంటి కోళ్ళు, ఆర్డెన్‌వుడ్ కుందేలు

చిరంజీవి పాపకు,

అమ్మ ఆశీస్సులు. ఆర్డెన్‌వుడ్ పొలంలో కోళ్ళు నీ కాళ్ళ దగ్గరకే వచ్చాయనీ, అమ్మమ్మ ఇంటి కోళ్ళు మాత్రం నిన్ను చూడగానే పారిపోతున్నాయనీ చెప్పినప్పుడు నీ గొంతులో దిగులు వినిపించింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ఫ్రీమాంట్‌లోని ఆ పొలం 1850ల నాటిది. బంగారం కోసం కాలిఫోర్నియాకు వచ్చి చివరికి సేద్యంలో స్థిరపడిన జార్జ్ పాటర్సన్ దానిని మొదలుపెట్టాడు. 1985 నుంచి పాతకాలపు వ్యవసాయాన్ని అక్కడ అందరికీ చూపిస్తున్నారు. అక్కడి కోళ్ళు నిత్యం పిల్లల మధ్య తిరిగేవి గనుక మనిషి అలికిడికి బెదరవు. అమ్మమ్మ కోళ్ళు కుక్కనూ గద్దనూ కనిపెట్టుకొని బతకాలి. అలా పరుగెత్తబట్టే అవి ఇంకా మిగిలి ఉన్నాయి, కాబట్టి నువ్వు చిన్నబుచ్చుకోకు.

ఆర్డెన్‌వుడ్‌లో కుందేలును గుర్తు చేసుకో. మొదట నువ్వు చెయ్యి చాచగానే అది చెవులు వీపుకు ఆనించి, కళ్ళు పెద్దవి చేసి నేలకు అతుక్కుపోయింది. దానిని సాధుగుణం అనుకుంటారు గాని, అది భయంతో బిగుసుకుపోవడం. కళ్ళు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల కుందేలుకు వెనుక నుంచి వచ్చేదీ పైనుంచి వచ్చేదీ కనిపిస్తుంది కాని, సరిగ్గా ముక్కు ముందున్నది కనిపించదు. అందుకే మూతి ముందుకు చాచిన చేతికి ఉలిక్కిపడుతుంది. నువ్వు పక్కకు జరిగి, చతికిలబడి, చెయ్యి నేల మీదే ఉంచి ఊరుకున్నావు. కాసేపటికి ఒక చెవి లేచింది, తర్వాత రెండోది, ఆ తర్వాత ముక్కు చకచకా ఆడిస్తూ అదే వచ్చి నీ వేళ్ళను వాసన చూసింది. ఆ ఓపిక నీకు ఎవరూ నేర్పలేదు. చూసి నాకెంత సంతోషం కలిగిందో అప్పుడు చెప్పలేదు. చెవులు పట్టి కుందేలును ఎత్తే బొమ్మలు నువ్వు చూసే ఉంటావు, ఎన్నడూ అలా ఎత్తకు. గింజుకొని వెనుకకాళ్ళతో తన్నినప్పుడు దాని వెన్నెముకే విరగవచ్చు.

కోళ్ళ దగ్గరా ఆ ఓపికే కావాలి. పొద్దున గంప ఎత్తే వేళకు అమ్మమ్మ వెంట వెళ్ళి, కూర్చొని, గుప్పెడు నూకలు మొదట దూరంగా, రోజురోజుకూ కాస్త దగ్గరగా చల్లు. పిల్లల కోడి జోలికి మాత్రం వెళ్ళకు, ఈకలు విప్పుకొని మీదికి వస్తుంది. ఏదైనా కోడి మట్టిలో ఒరిగి, కాళ్ళు బారజాపి, రెక్కలు కొట్టుకుంటూ ఉంటే చచ్చిపోతోందని కంగారు పడకు. ఈకల్లోని పేలను వదిలించుకోవడానికి అది చేసే స్నానం అదే.

గుడ్ల మీద కూర్చున్న నల్లపెట్టను కదిలించవద్దు. పిల్లలు కావడానికి సుమారు 21 రోజులు పడుతుంది. ఈలోగా అది రోజుకు ఎన్నోసార్లు ముక్కుతో గుడ్లను తిప్పుకుంటుంది. పెంకు పగలడానికి ముందే లోపలి పిల్ల కిచకిచమంటుంది, తల్లి బదులు పలుకుతుంది. ఏ రోజు కూర్చోబెట్టిందో అమ్మమ్మను అడిగి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో, గడువు దగ్గరపడ్డాక చెవి పెట్టి విని నాకు రాయి. కోళ్ళను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో.

ప్రేమతో,
అమ్మ