రాకాసి గుళ్లను చదును చేయకుర్రి

సంపాదకులు గారికి నమస్కారం,

మా నల్లగొండ పక్క గుట్టల కింద చెల్కల్ల గుండ్రంగ పేర్చిన పెద్ద పెద్ద బండరాళ్లు కనిపిస్తయి, మనోళ్లు రాకాసి గుళ్లు అంటరు కానీ అవి ఇనుప యుగం నాటి మనుషుల సమాధులు సార్. లోపల రాతి పలకలతోని పెట్టెలాగ కట్టి బొక్కలు, నలుపు ఎరుపు కుండలు, ఇనుప కత్తులు పెట్టి మట్టి కప్పి పైన రాళ్లు పేర్చేటోళ్లు. ఇప్పటికీ మనం పిట్టకు పెట్టేనాడు పోయినోళ్లకు ఇష్టమని కల్లు, చుట్ట, కూర ఇస్తార్ల పెడ్తం గదా, ఆ ప్రేమ అప్పుడూ ఇంతే ఉన్నట్టుంది.

పాలమూరు దిక్కు కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు 2025ల యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాల చేరినయి, మస్తు సంతోషం. ఇసొంటి సమాధులే ఉన్న ఏలేశ్వరం ఊరు నాగార్జున సాగర్ నీళ్లల్ల మునిగినా ముందే తవ్వి చూసిండ్రు కాబట్టి రికార్డన్న మిగిలింది. కానీ మా ఊరి పక్క వెంచర్ కోసం జేసీబీతోని రాళ్లు లేపి ఒక్క పూటల కుప్ప పోసిండ్రు, ఎర్ర కుండపెంకులు టైర్ల కింద పొడైనయి, ఫోటో తీసినోడు కూడ లేడు. లేఅవుట్‌కు పర్మిషన్ ఇచ్చే ముందు పురావస్తు శాఖ వాళ్లకు ఒకసారి చూపియ్యాలె, రాళ్లున్న సర్వే నంబర్లన్నీ లిస్టు తీసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటియ్యాలె.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్లగొండ