పాత కార్ల తాళంచెవుల గురించి మా ఖాతాదారులకు

ఈ సంక్రాంతి తరువాత, ఉగాదికి ముందు మా ఆటోనగర్ దుకాణంలో మారుతి 800, ఓమ్ని, పాత జెన్, ఎస్టీమ్, అంబాసిడర్ కార్లకు కొత్త తాళంచెవి చేయించుకున్నవారందరూ దానిని ఒకసారి దుకాణానికి తీసుకురావాలని కోరుతున్నాను. వాటిలో కొన్ని ఇప్పటికే ఇగ్నిషన్‌లోనే విరిగాయి, మిగిలినవి కూడా విరిగే అవకాశం ఉంది. విరిగినా విరగకపోయినా ఉచితంగా మార్చి ఇస్తాము. ముక్క లోపల ఇరుక్కుపోతే దానిని తీయడానికి కూడా ఏమీ తీసుకోము. అప్పటిదాకా మీ పాత తాళంచెవితోనే బండి నడపండి, మేము ఇచ్చినదానితో బలవంతంగా తిప్పకండి. మా చేతి పనితనం మీద బెజవాడలో ఒకటి రెండు చోట్ల మాటలు వినిపిస్తున్నాయి కనుక ముందే చెబుతున్నాను: ఆ తాళంచెవుల కోతలో వెంట్రుకవాసి తేడా లేదు. తేడా లోహంలో ఉంది, అది ఎలా వచ్చిందో మీకు తెలియాలి.

మేము తాళంచెవిని కోసేది బ్లాంకు మీద, అంటే గాట్లు లేని, తల మాత్రం తయారుగా ఉన్న పలక మీద. పాత కార్లకు మేము మొదటి నుంచీ వాడుతున్నది నికెల్ పూత పూసిన ఇత్తడి బ్లాంకు. ఇత్తడి అరుగుతుంది, వంగుతుంది, కానీ ఒక్కసారిగా విరగదు. విరిగే ముందు చాలాకాలం వంకరపోయి యజమానికి సంగతి తెలియజేస్తుంది. మా నాన్నగారి కాలం నుంచి మాకు ఈ సరుకు పంపుతున్న హైదరాబాదు హోల్‌సేల్ వ్యాపారి ఈసారి ఇత్తడి ధర పెరిగిందని, దానికి బదులు జర్మన్ సిల్వర్ బ్లాంకులు వచ్చాయని, ధర కొంచెం ఎక్కువైనా సరుకు ఇత్తడికన్నా మేలని చెప్పి పంపాడు. బిల్లు మీద కూడా అలాగే రాసి ఉంది. పూజ సామాను కొనేవారందరికీ తెలిసిన జర్మన్ సిల్వరే ఇది. పేరులో తప్ప అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. మంచి కంపెనీలు తాళంచెవులకు దానిని వాడతాయి, నిజంగానే ఇత్తడికన్నా తక్కువ అరుగుతుంది. అది తెలుసు కనుకనే ఎక్కువ ధర ఇచ్చాను. కోస్తున్నప్పుడు మిషన్ కింద పసుపు రజను బదులు తెల్లటి రజను రాలింది, జర్మన్ సిల్వర్‌ను కోసినా తెల్లటి రజనే రాలుతుంది.

తెల్లవారుజామున రైతుబజారుకు కూరగాయలు చేరవేసే ఒక ఓమ్ని యజమాని తాళంచెవి తల చేతిలోకి ఊడివచ్చిందని ఫోను చేసిన రోజున నాకు మొదటి అనుమానం వచ్చింది. బ్యారెల్‌లో, అంటే తాళంలో తాళంచెవితో పాటు తిరిగే గొట్టంలో, మిగిలిన ముక్కను సన్నని కొక్కెంతో లాగి, రెండు ముక్కలనూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూశాను. ఇత్తడి మెలితిరిగి తెగితే తెగిన అంచు సాగి, మెరుస్తూ, ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఈ ముక్కల అంచులో సాగుడు ఏమాత్రం లేదు. పటికబెల్లం పలుకు విరిగినట్లు నిలువునా, గరుకుగా, బూడిదరంగు గింజలతో విరిగింది. ఆకురాయితో నాలుగు గీతలు గీస్తే రాయి పళ్ల మధ్య లోహం జిగటగా పట్టుకుంది, ఇత్తడి అలా పట్టుకోదు. అప్పుడు పాత పెట్టెలో మిగిలిన ఒక ఇత్తడి బ్లాంకునూ, అదే మోడల్‌కు వచ్చిన కొత్త బ్లాంకునూ పక్క వీధిలోని కంసాలి గారి త్రాసులో తూయించాను. జర్మన్ సిల్వర్ అయితే ఇత్తడికన్నా కాస్త బరువే తూగాలి. ఇది ఇత్తడికన్నా అయిదో వంతు తక్కువ తూగింది. ఆ తూకంతో నాకు ఇక సందేహం మిగలలేదు: అది మజాక్, అంటే జింకులో కొంచెం అల్యూమినియం కలిపి అచ్చులో పోసిన లోహం.

మజాక్ చెడ్డ లోహం కాదని కూడా చెప్పాలి. బీరువా పిడులు, బొమ్మ కార్లు, తలుపుల హ్యాండిళ్లు దానితోనే చేస్తారు, అవి ఏళ్ల తరబడి నిలుస్తాయి. కానీ పాతికేళ్లు తిరిగి లోపల ప్లేట్లు అరిగి, కొంచెం కదిపితే తప్ప తిరగని ఇగ్నిషన్‌లో, రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న పలకగా, అందులోనూ గాట్లు పడి సన్నబడిన పలకగా, రోజూ మెలి తట్టుకోవడం దాని వల్ల కాదు.

ఆ వ్యాపారికి ఫోను చేసినప్పుడు ఆయన ముందు కాదన్నాడు, తూకం సంగతి చెప్పాక ఫ్యాక్టరీవాళ్లు పంపిందే తాను పంపానన్నాడు, చివరకు, ‘‘పాత బండ్లకు ఇత్తడి ఎందుకన్నా, ఆ బండ్లే ఎన్నాళ్లుంటాయి?’’ అన్నాడు. డబ్బు పోయినందుకు కలగని బాధ ఆ మాటకు కలిగింది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంబాసిడర్ కూడా ఆ ఏడాదే ఆగింది; అంటే వాటిలో చివరివి కూడా పన్నెండేళ్లకు అటూ ఇటూ వయసున్న బండ్లు. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్‌ను మరో 5 ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. ఆ రుసుమును 2022 ఏప్రిల్‌లో 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు, 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 రూపాయలు చేశారు. అంత కట్టి, బండిని రోడ్డు మీద నిలబెట్టుకుంటున్న మనిషికి బొమ్మ కారు లోహంతో చేసిన తాళంచెవి ఇమ్మని ఆయన నాకు సలహా ఇస్తున్నాడన్నమాట. మిగిలిన సరుకంతా తూకం చీటీతో సహా తిప్పి పంపాను. ఇవ్వవలసిన బాకీ మాత్రం నా దగ్గరే ఉంది. మీకు ఉచితంగా మార్చి ఇచ్చే తాళంచెవుల ఖర్చు అందులోనుంచి పోయాక మిగిలితే పంపుతాను. ఇంత పాత సంబంధాన్ని ఇలా తెంచుకోవడం తగదని చెప్పినవారు ఉన్నారు. తెంచింది నేను కాదు.

దీని తరువాత నేను చాలాకాలం తేల్చుకోలేకపోయింది ఒక్కటే: ఈ పాత కార్ల పనిని అసలు కొనసాగించాలా, మానుకోవాలా. నిజమైన ఇత్తడి బ్లాంకులు చేసే మరొకరు దొరికారు, నమూనాలు తూచి, వంచి, విరిచి చూశాను, సరుకు బాగుంది. అయితే ఆయన ఒక్కో మోడల్‌కు పూర్తి పెట్టె తీసుకుంటేనే ఇస్తానన్నాడు. మారుతి 800, ఓమ్ని పెట్టెలు ఎలాగైనా అమ్ముడవుతాయి. అంబాసిడర్ బ్లాంకులు ఒక పెట్టె కొంటే, ఇప్పుడు ఈ ఊళ్లో తిరుగుతున్న అంబాసిడర్లను లెక్కవేసుకుంటే, నా జీవితంలో ఆ పెట్టె అడుగు చూడను. ఇంట్లో వద్దన్నారు. మా అబ్బాయి కొత్త కార్ల రిమోట్ తాళంచెవుల మీదే దృష్టి పెడదామని, అక్కడే లాభం ఉందని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆ లెక్కలో తప్పు లేదు. అయినా, అంబాసిడర్ తాళంచెవి కోసం గుడివాడ నుంచి, తెనాలి నుంచి వచ్చేవారిని లేదని చెప్పి తిప్పి పంపడం నాకు చేతకాదని తేలింది, పెట్టె కొనేశాను. ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా బ్లాంకులు మాత్రం తీసుకోలేదు. ఆ కార్లు ఉన్నవారు వస్తే దగ్గరి కొలత ఇత్తడి బ్లాంకును ఆకురాయితో సరిచేసి చేస్తాను, దానికి సమయం పడుతుంది.

ఇంత ఖర్చు పెట్టి తెచ్చిన ఇత్తడి మీద పాత అరుగుదలనే మళ్లీ కోయడం అర్థం లేని పని కనుక మరో మార్పు కూడా చేశాను. ఇకమీదట అరిగిన తాళంచెవికి నేరుగా నకలు తీయము. కారు తాళం లోపల స్ప్రింగుల మీద పలుచని ప్లేట్లు వరుసగా ఉంటాయి. తాళంచెవి గాట్లు ఆ ప్లేట్లన్నింటినీ బ్యారెల్ అంచుకు సమంగా తెచ్చినప్పుడే బ్యారెల్ తిరుగుతుంది. గాట్ల లోతులు ఇష్టం వచ్చినట్లు ఉండవు, ప్రతి కంపెనీ కొన్ని నిర్ణీత మెట్లనే వాడుతుంది, మెట్టుకూ మెట్టుకూ తేడా అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. నకలు మిషన్‌కు ఈ మెట్ల సంగతి తెలియదు. ఒక పక్క పాతదాన్ని తడుముతూ మరో పక్క కొత్తదాన్ని కోస్తుంది, అరిగిన చోట అరిగినట్లే కోసి, తన వంతు చిన్న తేడా కూడా చేరుస్తుంది. నకలుకు నకలు తీసిన తాళంచెవులతో, ఇంజను నడుస్తుండగానే తాళంచెవి బయటికి వచ్చేస్తున్న కార్లను మీలో చాలామంది చూసే ఉంటారు. అందువల్ల ప్రతి గాటునూ వెర్నియర్‌తో కొలిచి, దానికి దగ్గరి మెట్టు ఏదో తేల్చి, కంపెనీ నుంచి వచ్చిన రోజున ఎలా ఉండేదో అలా కోసి ఇస్తాము. కారు కొన్నప్పుడు తాళంచెవులతో పాటు నంబరు ఉన్న చిన్న లోహపు బిళ్ల ఇచ్చి ఉంటే దానిని వెతికి తెండి, కొలతల పని తగ్గుతుంది. బిళ్ల లేక, తాళంచెవి మరీ అరిగిపోతే, డ్రైవరు పక్క సీటు తలుపు తాళాన్ని విప్పి చూస్తాము. దానిని ఎవరూ పెద్దగా వాడరు కనుక లోపలి ప్లేట్లు దాదాపు కొత్తవాటిలాగే ఉంటాయి, కొన్ని కార్లలో ఆ తాళం మీదే నంబరు కూడా కొట్టి ఉంటుంది. విరిగిన తాళంచెవి అయితే రెండు ముక్కలూ తెండి, అతికించే ప్రయత్నం చేయకండి, జిగురు లోపలికి పోతే మొత్తం బ్యారెల్ మార్చవలసి వస్తుంది.

అయిదు నిమిషాల్లో నకలు తీసి ఇచ్చే దుకాణాలు ఈ వీధిలోనే ఉన్నాయి, తొందర ఉన్నవారు అక్కడికి వెళ్లవచ్చు, నేనేమీ అనుకోను. అక్కడ చేయించి, తిరగడం లేదని నా దగ్గరికి తెచ్చి కొంచెం రాయి పట్టమంటే మాత్రం పట్టను.

మంచి స్థితిలో ఉన్న తాళంచెవికి నకలు 200 రూపాయలు. అరిగినదాన్ని కొలిచి చేయడానికి 450 రూపాయలు. తలుపు విప్పవలసి వస్తే దానికి వేరే. ఇమ్మొబిలైజర్, అంటే తాళంచెవి తలలోని చిప్‌ను గుర్తిస్తేనే ఇంజను స్టార్ట్ కానిచ్చే ఏర్పాటు, ఉన్న కార్లకు లోహపు భాగం మాత్రమే చేసి, మీ పాత తలలోని చిప్‌ను కొత్త తలలోకి మారుస్తాము. ఆ చిప్‌కు బ్యాటరీ ఉండదు, దానంతట అది పాడవడం అరుదు, కనుక పగిలిన తలను పారేయకండి. పరిచయం ఉన్నవారైనా సరే ఆర్సీ, గుర్తింపు కార్డు చూపించాలి, ఈ విషయంలో నొచ్చుకోవద్దు.

సంక్రాంతి తరువాతి తాళంచెవి మీ దగ్గర ఉంటే, రింగు పట్టే రంధ్రం దగ్గర పూత అరిగిన చోట చూడండి. పసుపు రంగు కనిపిస్తే అది మా పాత ఇత్తడి సరుకు, భయం లేదు. తెలుపు, బూడిదరంగు కనిపిస్తే తీసుకురండి. కొత్తది ఇచ్చేటప్పుడు ఇగ్నిషన్ బ్యారెల్‌లో గ్రాఫైట్ పొడి కూడా వేసి ఇస్తాము; దయచేసి అందులో కొబ్బరినూనె పోయడం మానండి, నూనెకు దుమ్ము అంటుకుని ప్లేట్లు బిగుసుకుపోతాయి, తిప్పడానికి బలం పెట్టేది మీరు, విరిగేది తాళంచెవి. ఉదయం తెచ్చినవి సాయంత్రానికి సిద్ధంగా ఉంటాయి, తలుపు విప్పవలసినవి మరుసటి రోజుకు. ఆదివారం దుకాణం ఉండదు.