క్యూబు ఫలితం వచ్చేసరికి పై అంతస్తు లేస్తోంది

సంపాదకుడి గారికి,

పదిహేనేళ్లుగా శ్రీకాకుళం చుట్టుపక్కల కట్టడాల పని చూస్తున్నాను. కాంక్రీటు వేసిన రోజే అదే కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల నమూనా క్యూబులు పోస్తాం. మర్నాడు అచ్చులు విప్పి, పెయింటుతో తేదీ రాసి నీళ్ల తొట్టిలో వేస్తాం. ఏడో రోజున కొన్ని, 28వ రోజున మిగిలినవి యంత్రంలో పెట్టి, ఎంత బలం వచ్చిందో చూడటానికి పగలగొడతారు.

రెండేళ్ల క్రితం ఒక ఇంటి స్తంభాల క్యూబు ఉండాల్సిన బలంలో ముప్పాతిక దగ్గరే చిట్లిపోయింది. అప్పటికే ఆ స్తంభాల మీద స్లాబు పడింది, పై అంతస్తు గోడలు లేస్తున్నాయి. చివరికి స్తంభాల చుట్టూ మళ్లీ ఊచలు కట్టి కాంక్రీటు తొడుగు వేయాల్సి వచ్చింది. ఆ ఖర్చంతా ఇల్లు కట్టుకుంటున్న ఆ రైతు మీదే పడింది.

త్వరగా తేల్చే పద్ధతి లేక కాదు. 1978 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 9013 ప్రకారం క్యూబును మూడున్నర గంటలు మరిగే నీటిలో ఉంచి, పోసిన 28న్నర గంటలకే పరీక్షించవచ్చు. అయితే ఆ అంకె నుంచి 28 రోజుల బలాన్ని లెక్కగట్టే సూత్రం సిమెంటును బట్టి, ఇసుకను బట్టి, కంకరను బట్టి మారుతుంది. బొగ్గు బూడిద, స్లాగు (ఇనుము కరిగించగా మిగిలే చిట్టెం) కలిసిన సిమెంటు నెమ్మదిగా బలపడుతుంది. వంశధార, నాగావళి ఇసుకకు సరిపడే సూత్రం కావాలంటే వందలాది క్యూబులు పగలగొట్టాలి. అది కాంట్రాక్టరు చేసే పని కాదు, ప్రయోగశాల చేయాలి.

డిజైను సంగతీ ఇంతే. ఎక్కడ ఎంత ఊచ చాలునో కంప్యూటర్ వేల అమరికలు పోల్చి చెప్పగలదు, కానీ మనమిచ్చే బలం అంకె నమ్మదగినదై ఉండాలి. అది లేకనే "ఎందుకైనా మంచిది, ఇంకో రెండు ఊచలు వేయండి" అంటాం. ప్రమాణాలు చెప్పే భద్రతను తగ్గించమని నేను కోరడం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసిన జిల్లా మాది, ఆ మాట నా నోట రాదు. ప్రమాణాలకు మించి భయంకొద్దీ వేసే ఇనుము గురించే నా బాధ. అప్పు చేసి ఇల్లు కట్టుకునేవారికి అది ఎంత బరువో రోజూ చూస్తున్నాను.

2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ఉద్దేశాల్లో విశ్వవిద్యాలయాలు, కళాశాలల్లో పరిశోధనను పెంచడం ఒకటి. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీకి, విజయనగరం జేఎన్‌టీయూకు ఈ పని కోసం నిధులు ఇప్పించాలని మన పార్లమెంటు సభ్యులను కోరుతున్నాను. వచ్చిన సూత్రాలను తెలుగులో పట్టికగా అచ్చు వేసి, సైటు మేస్త్రీలకు అందేలా చూడాలి.

– ఒక సైటు ఇంజినీరు, శ్రీకాకుళం