పారుడు రోగంపై నిఘా మంద వెంట నడవాలి

సంపాదకులు గారికి,

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిసి చేలు ఖాళీ అయ్యే వేళకు మెట్ట ప్రాంతం నుంచి, తెలంగాణ జిల్లాల నుంచి గొర్రెల మందలు మన గోదావరి డెల్టాకు దిగుతాయి. జీవాలకు మేత, మంద కట్టించుకున్న రైతుకు ఎరువు దక్కే ఈ ఏర్పాటు తరాలుగా ఉన్నదే, ఉండవలసిందే. అయితే పల్లెల్లో పారుడు రోగం అనే, గొర్రెలకూ మేకలకూ సోకే పి.పి.ఆర్. వైరస్ వ్యాధి వచ్చినప్పుడు, నేను చూసినంతవరకు, ఏ ఊళ్లో ఎన్ని చనిపోయాయన్నదే కాగితాలకు ఎక్కుతోంది. ఆ మంద ఎటు నుంచి వచ్చింది, ఎటు వెళ్లిందన్నది ఎక్కడం లేదు.

ఈ వైరస్ ఎండలో, ఆరుబయట ఎక్కువసేపు బతకలేదు. రోగం సోకిన జీవి చీమిడి, కంటి పుసి, పారుడు, దగ్గు తుంపరల ద్వారా పక్కదానికి అంటుకుంటుంది కనుక, అది ఊరు దాటాలంటే జీవాలతో పాటు నడవాలి, లేదా వాటితో పాటు ట్రాలీ ఆటో ఎక్కాలి. సోకిన నాలుగు నుంచి ఆరు రోజులకు గాని సాధారణంగా జబ్బు బయటపడదు. ఆలోగా మంద రెండు కాలువలు దాటి మరో ఊరి చేలో ఉంటుంది. చావులు లెక్కకు వచ్చిన ఊరు ఒకటి, రోగం అంటుకున్న ఊరు మరొకటి.

జబ్బు ముదిరిన మేకను తెల్లవారుజామున దగ్గరగా చూస్తే కంటి రెప్పలు పుసితో అతుక్కుపోయి, చీమిడి ఎండి ముక్కు రంధ్రాలు పూడుకుపోయి నోటితో ఊపిరి తీస్తూ ఉంటుంది; పెదవి ఎత్తితే చిగుళ్ల మీద తవుడు చల్లినట్టు తెల్లటి పొర కనబడుతుంది; తోక, వెనుక కాళ్లు పారుడుతో తడిసి ఉంటాయి. కాపరి తరచు దీన్ని చలి దెబ్బ అనో చిటుక రోగం అనే వేరే జబ్బు అనో అనుకుని, బాగున్నవాటినైనా అమ్ముకుందామని సంతకు తోలతాడు. చిక్కంతా అక్కడే ఉంది, ఎందుకంటే ఆ బాగున్నవాటిలో కొన్ని అప్పటికే వైరస్‌ను మోస్తూ ఉంటాయి. అతన్ని నిందించి లాభం లేదు. చెబితే మందను ఆపేస్తారన్న భయమే తప్ప సాయం అందుతుందన్న నమ్మకం లేనప్పుడు ఎవరైనా దాస్తారు.

అందుచేత రోగం కనబడిన ప్రతి మంద విషయంలోనూ గడచిన మూడు వారాల్లో ఎక్కడ మేసింది, ఏ సంతలో జీవాలను కలుపుకుంది, ఎవరికి అమ్మింది, ఏ రేవు దాటిందన్నది కాపరిని కూర్చోబెట్టి అడిగి రాసుకోవాలి. ఆ వివరాలు అదే రోజు పక్క జిల్లాకు చేరాలి. నరసాపురంలో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లిలో దిగితే జిల్లా మారిపోతుంది. 2022లో జిల్లాలను విభజించాక డెల్టా మరిన్ని కార్యాలయాల పరిధిలోకి వెళ్లింది. వైరస్‌కు ఆ మధ్యనున్న వశిష్ఠ గోదావరి పాయ అడ్డం కాదు.

టీకా నమోదు కూడా ఈ నిఘాలో భాగమే. ముక్తేశ్వర్‌లో భారతీయ పశువైద్య పరిశోధన సంస్థ రూపొందించిన టీకా ఒక్క మోతాదుతో కనీసం మూడేళ్లు రక్షణ ఇస్తుంది. కానీ రక్తపరీక్షలో కనబడే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) టీకా వల్ల వచ్చినవో, రోగం సోకి వచ్చినవో ఇప్పటి మామూలు పరీక్షలు విడదీసి చెప్పలేవు. చెవి పోగు సంఖ్యతో టీకా తేదీ నమోదు కాకపోతే ఆ పరీక్షకు అర్థమే ఉండదు. మన గేదెలు ఇక్కడ పనికొస్తాయి: వైరస్ సోకినా అవి సాధారణంగా జబ్బు పడవు, ఈ టీకా వాటికి వేయరు, కాబట్టి వాటి రక్తంలో ప్రతిరక్షకాలు కనబడితే ఆ చుట్టుపక్కల వైరస్ తిరిగిందని తెలుస్తుంది.

మన దేశంలో ఈ వ్యాధి 1987లో తమిళనాడులో తొలిసారి బయటపడింది. దీని దగ్గరి చుట్టమైన పశువుల ముసర వ్యాధి ప్రపంచం నుంచే పోయిందని 2011లో ప్రకటించగలిగారంటే, టీకాలతో పాటు ఊరూరా తిరిగి రోగం మిగిలిందేమోనని వెతకడం కూడా అందుకు కారణం. పి.పి.ఆర్.ను 2030 నాటికి నిర్మూలించాలన్న అంతర్జాతీయ లక్ష్యానికి ఎంతో గడువు లేదు.

వచ్చే దాళ్వా కోతలకు ముందే డెల్టా జిల్లాల పశుసంవర్ధక అధికారులు కలిసి కూర్చుని మందలు దిగే దారులను, ఆగే ఊళ్లను, సంతలను ఒకే పటం మీద గుర్తించాలని కోరుతున్నాను. మంద కట్టించుకునే రైతులు కూడా బేరం కుదుర్చుకునేటప్పుడే టీకా ఎప్పుడు వేయించారో కాపరిని అడగాలి. జీవాలు ముక్కు, కళ్లు కారుస్తూ కనబడితే వెంటనే పశువైద్య సాయానికి ఉన్న 1962 ఫోను నంబరుకు గాని, ఊరి పశుసంవర్ధక సహాయకునికి గాని చెప్పాలి.

— విశ్రాంత పశువైద్య సహాయకుడు,
కోనసీమ