కోకో టేలర్ పాటల్లో పడ్డాను రా

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. వారం నుంచి ఒకావిడ గొంతు చెవిలోంచి పోవడం లేదు, నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు. కోకో టేలర్ అని, షికాగో బ్లూస్‌కి మహారాణి అంటారు. బ్లూస్ అంటే అమెరికా నల్లవాళ్ళ కష్టసుఖాల్లోంచి పుట్టిన పాట.

అసలు పేరు కోరా వాల్టన్. 1928లో అమెరికాలో మెంఫిస్ దగ్గర, పాలుకు సేద్యం చేసుకునే నల్లవాళ్ళ ఇంట్లో పుట్టింది. చాక్లెట్ అంటే ప్రాణం కాబట్టి కోకో అయింది. తల్లి చిన్నప్పుడే పోయింది, ఇక పత్తి చేలోనే బతుకు. మన ఊళ్ళో పత్తి ఏరి వచ్చినవాళ్ళ వేళ్ళు గుర్తున్నాయా, కాయ అంచులు గీసుకుని ఎలా ఉండేవో? నాన్న చర్చి పాటలే పాడమనేవాడట. పిల్లలేమో ఇంటి వెనక్కి పోయి, గడ్డిమోపులు కట్టే తీగతో చేసుకున్న గిటార్ మీద బ్లూస్ పాడుకునేవాళ్ళు.

1952లో తన జీవితభాగస్వామి పాప్స్ టేలర్‌తో షికాగో బస్సెక్కింది. ఇద్దరికీ కలిపి 35 సెంట్లు, ఒక బిస్కెట్ల డబ్బా, అంతే. పగలు డబ్బున్నవాళ్ళ ఇళ్ళు తుడవడం, రాత్రి క్లబ్బుల్లో పాడటం, అలా పదేళ్ళు! 1962లో విల్లీ డిక్సన్ అనే పాటల రచయిత ఆవిడ పాట విన్నాడు. ఆయన రాసిన 'వాంగ్ డాంగ్ డూడుల్' అంతకుముందే హౌలిన్ వుల్ఫ్ అనే బ్లూస్ గాయకుడు పాడేశాడు, అయినా 1965లో ఈవిడ చేత పాడించాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను రా. గొంతు గరుకుగా, అడుగు నుంచి లేస్తుంది, ఎక్కడా నాజూకు చెయ్యదు, వెనకాల డిక్సన్ గొంతు కూడా కలుస్తుంది, బడీ గై అనే వాద్యకారుడి గిటార్ ఉంటుంది, కానీ వాళ్ళెవరూ ఆవిడ ముందు నిలబడలేదు అనిపిస్తుంది నాకు. 1966లో ఆ పాట ఆర్ అండ్ బీ చార్టులో, అంటే అమెరికాలో నల్లవాళ్ళ సంగీతానికి ఉన్న హిట్ పాటల జాబితాలో, 4వ స్థానం దాకా పోయింది.

తర్వాత 1975 నుంచి అలిగేటర్ అనే రికార్డు కంపెనీకి పాటలు, 1985లో గ్రామీ. నాకు వీటికంటే 1978లో పాడిన 'ఐయామ్ ఎ వుమన్' గొప్ప. నేను మగాణ్ణి అని మగవాళ్ళు రొమ్ము విరుచుకుని పాడే పాటని, అదే దరువు మీద, నేను ఆడదాన్ని అని తిప్పి పాడింది. అది మొదటిసారి విన్నప్పుడు మా అక్కకి ఫోన్ చేసి మరీ వినిపించాను.

1988లో టెనెసీ కొండ రోడ్డు మీద వాళ్ళ బృందం వ్యాన్ లోయలోకి జారిపోయింది. ఆవిడకి ఎముకలు విరిగాయి. మరుసటి ఏడాది పాప్స్ పోయాడు. ఎవరైనా అక్కడితో ఆపేస్తారు కదా? ఆవిడ కోలుకుని మళ్ళీ ఊరూరా తిరిగింది.

2009 మే 7న మెంఫిస్‌లో బ్లూస్ అవార్డు అందుకుని, అదే వేదిక మీద మళ్ళీ 'వాంగ్ డాంగ్ డూడుల్' పాడింది. 80 ఏళ్ళు. పుట్టిన ఊరికి అంత దగ్గర్లో, ఆఖరిసారి. జూన్ 3న పోయింది.

ముందు 1965 రికార్డే విను, ఆదివారం ఫోన్ చేస్తాను. పిన్నిని అడిగానని చెప్పు.

నీ
మురళి