దేవమాలిపై చెత్త ఆపాలి
ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం సెలవు రోజుల్లో వచ్చేవాళ్లు వదిలేసి పోతున్న చెత్తతో నిండిపోతోంది. మొన్న సోమవారం పొద్దున్నే మా సెమిలిగుడ నుంచి కొండెక్కాను. మంచు ఇంకా విడలేదు. 1,672 మీటర్ల ఎత్తున, మెత్తటి పచ్చిక మీద రాత్రి వేసిన మంట తాలూకు బూడిద, అందులో సగం కాలిన బిర్యానీ డబ్బాలు, ప్లాస్టిక్ గ్లాసులు, చుట్టూ పగిలిన బీరు సీసాల పెంకులు. అక్కడే మేస్తున్న ఆవు గిట్టలో పెంకు దిగబడితే, కాపరి పిల్లవాడు దాని కాలు ఒళ్లో పెట్టుకుని వేళ్లతో లాగుతున్నాడు. ఆ పిల్లవాడి చేతికీ నెత్తురే. వానొస్తే ఇదంతా కింది ఊళ్లవాళ్లు నీళ్లు ముంచుకునే వాగుల్లోకే దిగుతుంది. ఆదివారాలు అక్కడ ఆగే కార్లలో చాలావాటికి ఆంధ్రా నంబర్లే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, వాళ్లంతా మన తెలుగువాళ్లే. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు, అయినా కొండ దారిలోని దుకాణాల్లో అడిగినన్ని దొరుకుతున్నాయి. బోర్డులు పెడితే సరిపోదు. కొండ మొదట్లోనే గేటు పెట్టి, పైకి తీసుకెళ్లే సీసాలకూ ప్యాకెట్లకూ డిపాజిట్ కట్టించుకోవాలి, ఖాళీవి తెచ్చి చూపితేనే తిరిగివ్వాలి. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా ఇస్తే వాపసు చేసే పద్ధతి 2022లోనే మొదలైంది. దేవమాలిలో ఆ గేటు పనిని కొండ కింది ఊళ్ల యువకులకే జీతమిచ్చి అప్పగించాలి.
– ఒక పాఠకుడు, సెమిలిగుడ, కొరాపుట్ జిల్లా